ముప్ఫై ఒక్కమంది జట్టు

ఆపియా,
ఫిబ్రవరి మొదటి సోమవారం

అన్నయ్యకి,

నీ కూతురు రూత నా దగ్గర బాగానే ఉంది. వారానికి మూడు రోజులు ఆసుపత్రిలో యంత్రం పక్కన పడుకుని రక్తం కడిగించుకుని వస్తోంది. ఆ రోజుల్లో మాట్లాడదు. మిగతా రోజుల్లో మాట్లాడుతుంది కానీ అడిగేది ఒక్కటే: "అత్తా, లూపె ఎలా ఉంది?"

దానికి జవాబు ఇప్పుడు నా దగ్గర కాగితం మీద ఉంది. రూతకి ఇంకా చూపించలేదు. పోయిన నెల మా నర్సు లోసా మీ ఊరి బడికొచ్చి పిల్లల్ని తూచి, రక్తం తీసుకుంది కదా. నీ మనవరాలు లూపెకి పద్నాలుగేళ్ళు, తొంభై ఎనిమిది కిలోలు. మూడు నెలల చక్కెర సగటు ఆరు పాయింట్ మూడు. ఆరున్నర చేరితే దాని పేరు పక్కన చక్కెర జబ్బు అని రాయాలి. రాయాల్సింది నేనే. తల్లి నడిచిన దారి సరిగ్గా అక్కణ్ణించే మొదలవుతుంది. ఆ దారి చివర ఏముందో నేను రోజూ మా ఇంట్లో చూస్తున్నాను.

ఒంటరిగా పరిగెత్తమని చెప్పిన పిల్లలు మూడు రోజులు పరిగెడతారు, నాలుగో రోజు పడుకుంటారు. జట్టులో వేస్తే మాత్రం వస్తారు, ఎందుకంటే మిగతావాళ్ళు ఎదురుచూస్తుంటారు. ఇది ఇక్కడ రెండు పేటల్లో చూశాం. నీ ఊళ్ళో కూడా చేద్దాం. వారానికి మూడు సాయంత్రాలు, గంటకి తగ్గకుండా, ఆగస్టు దాకా. ఏ ఆటైనా సరే. బరువు ఎక్కువున్న పన్నెండు మంది పిల్లల పేర్లు ఇందులో పెట్టాను. మే నెలలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి లోసా వచ్చి కొలుస్తుంది.

నలభై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఆటకి తీర్పరివి నువ్వే. నీ మాట వినే పిల్లలు ఉన్నారో లేదో తెలియదు, నీ కబుర్లు వినడానికి వచ్చే పిల్లలైతే ఉన్నారు. అది చాలు.

చెల్లెలు
అకెనెసె

*

ఫాలెవయి, సవాయి దీవి,
ఫిబ్రవరి ఆఖరి వారం

చెల్లెమ్మ అకెనెసెకి,

నువ్వు ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాసినందుకు సంతోషం. ఫోన్‌లో అయితే నేను అసలు సంగతికి వచ్చేలోపే "అన్నయ్యా, ఓపీలో జనం ఉన్నారు" అని పెట్టేస్తావు. కాగితం ఎక్కడికీ పోదు. బస్సు డ్రైవరు దీన్ని రేవులో పడవ గుమాస్తాకిస్తాడు, అతను అటువైపు నీ ఆసుపత్రి వ్యాను డ్రైవరుకిస్తాడు. ముగ్గురూ చదివే ఇస్తారు కాబట్టి మర్యాదగా రాస్తున్నాను.

ఆరు పాయింట్ మూడు సంగతి అర్థమైంది. అది చదివాక నేను వాకిట్లో కూర్చుని రెండు గంటలు ఒక పాత బ్యాటుకి కొబ్బరిపీచుతో పేనిన సన్నీటు తాడు చుట్టాను. తాడు బాగానే ఉంది. అయినా చుట్టాను.

ఏ ఆటైనా సరే అన్నావు కనుక కిలికిటి పెట్టాను. రగ్బీ పెడదామంటే రగ్బీ మాస్టారు బరువైన మగపిల్లల్ని ముందే ఎత్తుకుపోయాడు, ఆడపిల్లల్ని వదిలేశాడు. కిలికిటికి ఆ బాధ లేదు. మూడు పలకల బ్యాటు, రబ్బరుచెట్టు పాలతో చుట్టిన బంతి, జట్టుకి ఇంతమందే అన్న లెక్క లేదు. తెల్లదొరలు వాళ్ళ క్రికెట్టు తెచ్చి మన తాతలకి నేర్పిస్తే, మనవాళ్ళు అందులో పాట లేదని, చిందు లేదని, ఇంతమందిని బయట కూర్చోబెట్టడం ఏం మర్యాదని అడిగి, బాగుచేసి పెట్టుకున్నారు. ఈ కథ మీద ఇంకా చాలా చెప్పగలను కానీ గుమాస్తాకి విసుగొస్తుంది.

పొరపాటు ఒకటి జరిగింది. ఇంటింటికీ తిరిగే ఓపిక లేక నీ జాబితా పాస్టరుగారి చేతిలో పెట్టాను. ఆయన ఆదివారం ప్రార్థన అయ్యాక, కళ్ళజోడు పెట్టుకుని, పెళ్ళి ప్రకటనలు చదివే గొంతుతో చదివాడు: "ఆపియా ఆసుపత్రివారు మన ఊరి నుంచి ఎంపిక చేసిన పన్నెండు మంది!" ఎంపిక అన్నాడమ్మా. పేరు పేరుకీ తల్లులు లేచి నిలబడ్డారు. ఒకామె కళ్ళు తుడుచుకుంది.

సోమవారం పొద్దున్నే, జాబితాలో పేరు లేని ఫాతు తల్లి సియేని కొత్త చాప ఒకటి చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చింది. చాప కింద పెట్టి, దాని మీద తను కూర్చుని అడిగింది.

"మా ఫాతులో ఏం లోపం కనబడిందయ్యా మీకు?"

"లోపం ఏమీ లేదమ్మా. అదే చిక్కు. వాడు సన్నగా ఉన్నాడు."

"సన్నగానా! అంటే మా ఇంట్లో తిండి లేదంటావా?"

ఆ మాటకి జవాబు చెప్పగల మగాడు ఈ దీవిలో పుట్టలేదు. ఫాతు పేరు రాసుకున్నాను. బుధవారానికి జాబితా ముప్ఫై ఒకటైంది. లావువాళ్ళు, సన్నవాళ్ళు, ఒక కుంటివాడు, పాస్టరుగారి కవలలు. ఇందులో ఒక మేలు జరిగింది. ఇది ఎవరి జట్టో, ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తులేదు.

మంగళ, గురు, శనివారాల్లో నాలుగింటికి మొదలు. లూపె కూడా మైదానంలోనే ఉంటోంది.

అన్న
పెనియేలి

*

ఆపియా,
మార్చి పదిహేను

అన్నయ్యా,

లూపె కాగితం రూతకి చూపించాక, నీ ఉత్తరం కూడా చదివి వినిపించాను. చాప దగ్గర నవ్వింది. తను నవ్వి చాలా రోజులైంది, అందుకని ఆ ముక్క మళ్ళీ చదివించుకుంది.

తర్వాత ఆఖరి వాక్యం దగ్గర ఆగింది. "మైదానంలోనే ఉంటోంది అంటే ఏంటత్తా?" అంది. నేనూ అదే అడుగుతున్నాను. మైదానంలో కొబ్బరిచెట్టు కూడా ఉంటుంది.

లూపె పరిగెడుతోందా, లేదా?

అకెనెసె

*

ఫాలెవయి,
ఏప్రిల్ మొదటి వారం

చెల్లెమ్మకి,

నువ్వు నర్సువి కాకపోతే పోలీసువి అయ్యేదానివి.

లేదు, మొదటి అయిదు వారాలు పరిగెట్టలేదు. మైదానం చివర సీమపనస చెట్టు కింద నిలబడి, ఆడేవాళ్ళ చెప్పులు కాపలా కాసింది. ముప్ఫై జతలు. ఎవరివి ఎవరివో దానికి కంఠతా వచ్చు. నేను రాయకపోవడానికి కారణం, వచ్చే వారం ఆడుతుందని ప్రతి వారం అనుకోవడమే.

ఒకరోజు బ్యాటు చేతికిచ్చాను. వెంటనే ఫాతు అరిచాడు. "జాగ్రత్త! లూపె కొడితే బంతి న్యూజిలాండ్ పోతుంది, వీసా చూసుకోండిరా!" అందరూ నవ్వారు. వాడు పొగిడాననే అనుకున్నాడు, పాపం. లూపె కూడా నవ్వి, "నీలాంటి పుల్ల ఎగరాలంటే నేను కొట్టక్కర్లేదు, తుమ్మితే చాలు" అని బ్యాటు కింద పెట్టేసి చెట్టు కిందకి పోయింది. మళ్ళీ రాలేదు.

ఇంటికొస్తూ అడిగాను.

"బాగానే జవాబిచ్చావు కదే, మరెందుకు ఆడలేదు?"

"నోరు పరిగెడుతుంది తాతా. నేను పరిగెడితే అందరూ ముందు నన్ను చూస్తారు, తర్వాత బంతిని చూస్తారు."

ఇంటిదాకా ఆ బ్యాటు నేనే మోసుకొచ్చాను.

ఇప్పుడు అసలు సంగతి. ఈల పట్టే మనిషి సంగతి నీకు తెలిసిందే. అవతలి జట్టు వికెట్టు పడినప్పుడల్లా బంతి వేసే జట్టంతా ఒక్కసారిగా చప్పట్లు కొట్టి, ఎగిరి, చిందెయ్యాలి. దాన్ని నడిపించేవాడు ఈల నోట్లో పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూనే ఉండాలి. మా ఈలవాడికి గవదబిళ్ళలు వాచాయి. బదులుగా పాస్టరుగారి పెద్ద కవలని పెట్టాను. వాడి చప్పట్లు రేకు మీద సీమపనసకాయలు రాలినట్టు ఒకటి ఇప్పుడు, ఒకటి ఇంకాసేపటికి. జట్టంతా చెదిరిపోయింది. చెట్టు కిందనుంచి లూపె ఉండబట్టలేక తన తొడ మీద తాళం వెయ్యడం మొదలుపెట్టింది. ముందు ఇద్దరు దాని తాళం అందుకున్నారు. తర్వాత పదిమంది. కాసేపటికి జట్టు మొత్తం కవలకి వీపు పెట్టి చెట్టు వైపు తిరిగి చిందేస్తోంది.

నేను నడిచివెళ్ళి కవల మెళ్ళోంచి ఈల తీసి లూపె చేతిలో పెట్టాను. "తీర్పరి తీర్పు" అన్నాను. ఇది ఏ నియమంలోనూ లేదు, కానీ నలభై ఏళ్ళలో నా తీర్పుని ఎవరూ కాదనలేదు.

అకెనెసే, ఇప్పుడు అది గంటన్నర ఆగదు. బంతి పడినా పడకపోయినా గెంతుతుంది. పాటలు తనే కడుతుంది. మొన్న ఫాతు మీద కట్టిన పాట వాళ్ళమ్మే పాడుకుంటూ తిరుగుతోంది. ఆట అయ్యేసరికి చొక్కా పిండితే బిందె నిండుతుంది. రూతకి ఈ ముక్క చదువు.

ఆట అయ్యాక పిల్లలు కాస్త ఏదో నోట్లో వేసుకుంటారు. అది నీకు రాయదగ్గ విషయం కాదు.

పెనియేలి

*

ఆపియా,
మే ఇరవై

అన్నయ్యా,

లోసా నిన్న తిరిగొచ్చింది. పన్నెండు మందిలో తొమ్మిది మంది బరువు పెరిగారు. లూపె తొంభై ఎనిమిది నుంచి నూట ఒకటి అయింది. చక్కెర ఆరు పాయింట్ నాలుగు.

మా రెండు పేటల్లో తగ్గింది. నీ దగ్గర పెరిగింది. పిల్లలు ఆడుతున్నారని లోసా ఒట్టేసి చెబుతోంది, తన కళ్ళతో చూసిందట. అయితే ఎందుకు పెరిగిందే అని అడిగితే ఆ పిల్ల తల వంచుకుని ఒక పొట్లం నా బల్ల మీద పెట్టింది. అరటాకులో కొబ్బరిపాలలో ఉడికిన బన్నులు ఆరు, పంది మాంసం, డబ్బా మాంసంతో సేమ్యా. "మీకు ఇవ్వమని పాస్టరమ్మగారు ఇచ్చారు, ఆట అయ్యాక మిగిలింది" అంది. మిగిలిందే అంతుంటే తిన్నది ఎంతో నేను లెక్క కట్టుకోగలను. తీపి సోడాలు పెట్టెల్లో వస్తాయటగా. ప్రతి ఆటకీ.

రాయదగ్గ విషయం కాదన్నావు. నేను అడగాల్సింది. అడగలేదు.

కాగితం దాచుదామనుకున్నాను. రూత నా చేతిలోంచి తీసుకుని చదివింది. ఏమీ అనలేదు. నిన్న యంత్రం రోజు కాదు అన్నయ్యా, తను మాట్లాడే రోజు.

ఇంకొక్క గీత ఎక్కితే ఆరున్నర.

అకెనెసె

*

ఫాలెవయి,
మే ఇరవై అయిదు

చెల్లెమ్మకి,

తిట్టి ఉంటే బాగుండేది. నువ్వు తిట్టలేదు. మన దగ్గర చెల్లెలి నోటి మాటకి అన్న భయపడతాడు. చెల్లెలు నోరు విప్పకపోతే ఇంకా భయపడతాడు.

ఒప్పుకుంటున్నాను. మొదటివారం నుంచే జరుగుతోంది. పేర్లు చర్చిలో చదివారు కదా, ఎంపికైన పిల్లలు ఆడి అలిసిపోతే ఊరికే పంపిస్తారా? మొదటి ఆటకి పాస్టరమ్మ కోకో అన్నం వండింది. రెండో ఆటకి సియేని కోకో అన్నమూ బన్నులూ. మూడో ఆటకి మహిళా సంఘం రాళ్ళ పొయ్యి తవ్వింది. ఆతిథ్యం ఇచ్చేవాళ్ళ దగ్గర తిండి చాలకపోతే వాళ్ళు ఓడినట్టేనన్నది మన ఆటలో పరుగులకంటే పెద్ద నియమం. ఆ నియమం తప్పితే ఓడినట్టు ప్రకటించాల్సింది నేనే. ఓడిపోతారేమోనని ఒక్క తల్లికి కూడా నిద్ర పట్టడం లేదు. పిల్లలు గంటన్నరలో కరిగించింది పావుగంటలో తిరిగి వేసుకుంటున్నారు, పైన వడ్డీతో. నాకు కనబడింది. తింటూ చూశాను.

నీ ఉత్తరం అందిన రోజునే పాస్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

"అమ్మా, ఆట అయ్యాక పిల్లలకి కాసిని కొబ్బరినీళ్ళు చాలేమో."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎవరైనా ఏమైనా అన్నారా? పోయినసారి ఉప్పు తక్కువైందా?"

"ఉప్పు కాదమ్మా. పిల్లల ఆరోగ్యం..."

"ఆరోగ్యం కోసమేగా పెనియేలీ పెట్టేది! ఆసుపత్రివాళ్ళు ఎంపిక చేసిన పిల్లలు. రేపు వాళ్ళొచ్చి తూస్తే తక్కువ తూగితే ఊరి పరువేం కాను?"

ఆవిడ ఆసుపత్రి త్రాసుని అలా అర్థం చేసుకుంది. ఇంకో నాలుగు ఇళ్ళు తిరిగాను. అందరిదీ ఒకటే లెక్క. ఈ తూకంలో బరువు పెరిగిందని తెలిసి ఊరంతా నన్ను అభినందించింది చెల్లెమ్మా. ఒకాయన చెయ్యి కూడా కలిపాడు.

వండొద్దని ఈ ఆడవాళ్ళకి చెప్పడం నావల్ల కాదు. రెండు రోజులు చాప మీద పడుకుని ఆలోచించాను. పూర్వం నేను పడవల వడ్రంగం చేసేటప్పుడు ఒక పలక వంగకపోతే మా మేస్త్రి దానితో కొట్లాడేవాడు కాదు. పలక ఎటు వంగుతుందో చూసి పడవనే అటు తిప్పేవాడు. ఆ పడవలు ఎంతకాలం తేలాయన్నది వేరే కథ.

నిన్న ఊరి పెద్దల సభలో లేచి ఒక మాట అన్నాను. "పిల్లలు ఇన్ని నెలలుగా ఆడుతున్నారు. ఊరి పెద్దలు ఒక్కరోజూ వచ్చి చూడలేదు. ఇది పిల్లలకి చిన్నతనం." అందరూ సిగ్గుపడ్డారు. మంగళవారం నుంచి నాతో కలిపి ఏడుగురు పెద్దలు వచ్చి మైదానం పక్కన చాపల మీద కూర్చుంటామని తీర్మానించారు.

నీకు అర్థమయ్యే ఉంటుంది. పెద్దలు కూర్చున్నచోట పిల్లలు అతిథులు కారు. పిల్లలు వడ్డిస్తారు. పెద్దలు చేతులు కడుక్కున్నాక, మిగిలింది తింటారు. మన తాతల నాటి నుంచీ అంతే. దీన్ని కాదనే పాస్టరమ్మ లేదు.

తప్పు చేసిన అన్న
పెనియేలి

*

ఆపియా,
జూన్ నాలుగు

అన్నయ్యా,

ఆలోచన బాగుంది. రూత కూడా బాగుందంది.

ఆ పెద్దల వయసులెంత?

అకెనెసె

*

ఫాలెవయి,
జూలై రెండోవారం

చెల్లెమ్మకి,

పెద్దల వయసు అడిగావు, పెద్దల వయసు చెప్పకూడదు. అందరికంటే చిన్నవాడు అరవై మూడు.

పథకం పనిచేస్తోంది. పెద్దలు ముందు మాంసం తింటారు, తర్వాత బన్నులు, తర్వాత కోకో అన్నం, మధ్యమధ్యలో సోడా. పిల్లల దాకా వచ్చేసరికి ఉడకబెట్టిన చేమదుంపలు, పచ్చి అరటికాయలు, కాల్చిన చేప మిగులుతాయి. తాగడానికి కొబ్బరినీళ్ళు. మొదటి వారం పిల్లలు మొహాలు వేలాడేశారు. ఫాతు అయితే ఒక పెద్దాయన చేతిలోని బన్నుని చూస్తూ వడ్డించాడు, ఆయన మర్యాదకైనా సగం తుంచి ఇవ్వలేదు. ఇప్పుడు అలవాటుపడ్డారు. ఆకలితో తింటే కాల్చిన చేప కూడా బాగుంటుందని కనిపెట్టారు. తల్లులు మాత్రం మహా ఆనందంగా ఉన్నారు. వాళ్ళ వంట ఇప్పుడు ఏకంగా ఊరి పెద్దల నోట్లోకి పోతోంది.

పెద్దాయన తుయాలా మొన్న నాతో అన్నాడు. "పెనియేలీ, నీ ఆట నాకు భలే నచ్చింది."

"నువ్వు ఆట చూడలేదు కదయ్యా, బన్ను చూశావు."

"రెండూ గుండ్రంగానే ఉన్నాయిలే" అని ఇంకోటి అందుకున్నాడు.

లూపె మోచేతులు సన్నబడ్డాయి, లేదా నాకు అలా కనబడుతోంది. ఇప్పుడు ఈల మెళ్ళో వేసుకునే బ్యాటు కూడా పడుతుంది. మొన్న శనివారం పక్క ఊరివాళ్ళు నలభై మంది వచ్చారు. లూపె పద్దెనిమిది పరుగులు చేసి, వాటిల్లో పదకొండు తన కాళ్ళతో పరిగెత్తి తీసింది. అందరూ దాన్నే చూశారు. అది చూస్తున్నవాళ్ళకేసి చెయ్యి ఊపింది.

ఒక చిన్న సంగతి. వడ్డనప్పుడు నా వంతు వచ్చేసరికి లూపె నా ముందు ఆగుతుంది. ఒక బన్నే పెట్టి, నా మొహంలోకి చూసి వెళ్ళిపోతుంది. రెండోది అడిగితే వినపడనట్టు పాట అందుకుంటుంది. అందుకని నేను తుయాలా ఆకులోంచి తీసుకుంటున్నాను.

నా లుంగీ కొసలు ఈ మధ్య ముడికి అందడం లేదు. గుడ్డ ఉతికితే కురచవుతుందని విన్నాను.

పెనియేలి

*

ఆపియా,
ఆగస్టు ఇరవై ఎనిమిది

అన్నయ్యకి,

ముందు లూపె సంగతి. తొంభై అయిదు కిలోలు. నడుము ఎనిమిది సెంటీమీటర్లు తగ్గింది. చక్కెర అయిదు పాయింట్ తొమ్మిది. నమ్మలేక, లోసా తెచ్చిన నెత్తురు రెండోసారి పరీక్ష చేయించాను. రెండోసారీ అంతే.

పన్నెండు మందిలో ఎనిమిది మందికి తగ్గింది. ముగ్గురు ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు. ఒక పిల్లాడికి పెరిగింది, వాణ్ణి నేనే ఇక్కడికి పిలిపిస్తాను. మా పథకం ఈ నెలతో అయిపోయింది, లోసా ఇక కొలతకి రాదు. ఆట మాత్రం ఆపొద్దు. అయిదు పాయింట్ తొమ్మిది అంటే ప్రమాదం తప్పినట్టు కాదు, దూరం జరిగినట్టు. ఆగితే మళ్ళీ దగ్గరికొస్తుంది.

రెండో సంగతి. మీ ఏడుగురి వయసులు విన్నాక నాకు నెమ్మది లేకుండా పోయింది. అందుకే ఈసారి చాపల మీద కూర్చున్నవాళ్ళ రక్తం కూడా తియ్యమని లోసాకి చెప్పి పంపాను. అన్నయ్యా, పిల్లల చక్కెర ఎక్కడికీ పోలేదు, మీ ఏడుగురిలోకి వచ్చి కూర్చుంది. తుయాలాది తొమ్మిది. నీది ఏడు పాయింట్ ఎనిమిది. అందరికీ మందు రాయించి పంపుతున్నాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. తుయాలాని మాత్రం పడవెక్కించి ఇక్కడికి పంపు.

లూపె కాగితం వేరే పెట్టాను. దాని చేతికే ఇవ్వు.

రూతకి చూపిస్తే ఆ అంకె మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచింది. తర్వాత, "నాన్నది ఎంతట?" అని అడిగి, విని, నవ్వింది. యంత్రం రోజున నవ్వడం ఇదే మొదలు.

అకెనెసె

*

ఫాలెవయి,
సెప్టెంబర్ మూడు

అకెనెసె చెల్లెమ్మకి,

మందు వేసుకుంటున్నాను. తుయాలా వేసుకోనన్నాడు. వేసుకోకపోతే ఆట దగ్గరికి రానివ్వనని లూపె చెప్పింది. ఊరి పెద్దతో అలా మాట్లాడచ్చా అని నేను అంటుండగానే ఆయన గుటుక్కున మింగేశాడు. ఇప్పుడు తిండికి ముందు ఏడుగురినీ నిలబెట్టి అరగంట చప్పట్లు కొట్టించి చిందేయిస్తోంది. తాళం తప్పితే మొదటినుంచి. తల్లులకి కూడా అదే చెప్పింది, పెద్దలకి మందు రాశారు కాబట్టి ఇకమీద పెద్దల వంట వండమని. నేను నాలుగిళ్ళు తిరిగి చెప్పలేనిది అది ఒక్క వాక్యంలో చెప్పింది. పాస్టరమ్మ చేప కాలుస్తోంది.

ఇదంతా సరదాగా రాశాను కానీ అసలు సంగతి ఇది కాదు. దానికి రావడానికి నాకు ఎప్పుడూ ఇంత దూరం పడుతుంది.

నీ కాగితం లూపె చేతికిచ్చాను. మెట్ల మీద కూర్చుని రెండుసార్లు చదివింది. సంతోషపడింది, అది కనబడింది. తర్వాత అడిగింది.

"తాతా, నా వయసులో అమ్మకి ఎంత ఉండేది?"

"అప్పుడు కొలిచేవాళ్ళు ఎవరున్నారే" అన్నాను.

"ఆపియా అమ్మమ్మ అప్పుడు కూడా నర్సేగా?" అంది. అంటే నువ్వు.

నువ్వు ఈ ఏడు నెలల్లో ఒక్క ఉత్తరంలోనూ ఆ మాట ఎత్తలేదు. మేలో అంత కోపంలోనూ ఎత్తలేదు. అందుకే ఇక నేను దాన్ని మింగలేకపోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను. మీ అమ్మకి పద్నాలుగో ఏడు నడుస్తుండగా ఆపియా అమ్మమ్మ సెలవులకొచ్చి, దాన్ని తూచి, వేలు పొడిచి చూసి, వంటపాక దగ్గర నన్ను పక్కకి పిలిచి చెప్పింది. పిల్లని కనిపెట్టుకుని ఉండు, తిండి మార్చు, ఆడించు అంది. నేను నవ్వాను. "మా ఇంటి పిల్ల ఒళ్ళు చేస్తే నీకు కన్నుకుడుతోందా?" అన్నాను. పిల్లల్లేని చెల్లెల్ని అన్నాను ఆ మాట. అమ్మమ్మ తన సంచి సర్దుకుని మర్నాడే పడవెక్కింది. ఇదంతా చెప్పాను.

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. రెండింటికీ సిద్ధపడే కూర్చున్నాను. అది కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ పెట్టింది.

"అమ్మకి తెలుసా?"

"తెలియదు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్పే ధైర్యం లేక."

కాగితం మడిచి పక్కన పెట్టింది. తర్వాత నా పక్కకి జరిగి కూర్చుంది. "నేను చెప్పను తాతా. నువ్వే చెప్పాలి. కావాలంటే నేను పక్కన ఉంటాను."

అకెనెసే, ఆనాటి మాటకి ఇరవై అయిదేళ్ళు ఆలస్యంగా క్షమించమంటున్నాను. నీకు రాయడం తేలిగ్గానే ఉంది. రూతకి రాయలేను, అది ఎదురుగా కూర్చుని చెప్పాల్సింది.

శనివారం పొద్దుటి పడవకి లూపె, నేను ఇద్దరం వస్తున్నాం, తుయాలాని కూడా ఎక్కిస్తున్నాను. రూతకి ముందుగా ఏమీ చెప్పి నాకు దారి సుగమం చెయ్యకు. సోమవారం తిరుగు పడవకి మాత్రం మమ్మల్ని ఎక్కించెయ్యి. మంగళవారం ఆట ఉంది, అక్కడ ముప్ఫై మంది దీనికోసం ఎదురుచూస్తుంటారు.

అన్న
పెనియేలి